పొగమామిడిలో చలి లేదు

మా పొగమామిడిలో చలి లేదని మాకు రాతపూర్వకంగా తెలిసేనాటికి మా పాపకి ఇరవై రెండు నెలలు. అంతవరకూ మేము అజ్ఞానంలో ఉండేవాళ్ళం. పుష్యమాసంలో తెల్లారి లేచేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంటే మంచు గడ్డకట్టిందనుకునేవాళ్ళం. బిందెలో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతే చలి అనుకునేవాళ్ళం. పెద్ద చదువులు లేనివాళ్ళం, కళ్ళకి కనిపించిందే నమ్మేవాళ్ళం.

మా పాప తన్మయికి ఆ చలి, అంటే ఆ లేని చలి, పడదు. తెల్లవారుజామున నాలుగు దాటగానే గుండెలో పిల్లికూతలు మొదలవుతాయి. డొక్కలు ఎగరేస్తుంది. ఘాటు రోడ్డు మీద ఇరవై ఎనిమిది కిలోమీటర్లు దిగితే ఆసుపత్రి. అక్కడ ముక్కుకి ఆవిరి మాస్కు పెడితే అరగంటలో తేరుకుంటుంది. అంబులెన్సు కింద నుంచి ఎక్కి రావాలి, మళ్ళీ దిగాలి. అంతసేపు ఆగే ఓపిక నాకు లేదు, పాపకి అసలే లేదు.

అందుకని మాకు దిక్కు మా కారే. గుండ్రటి ముక్కున్న తెల్ల డీజిలు కారు. వయసు ఇరవై ఆరు, నాకంటే మూడేళ్ళు పెద్దది. మా ఆయన దేముడు దాన్ని ‘ముసలమ్మ’ అంటాడు. దానికీ తెల్లారితే ఆయాసమే. కానీ దాని ఆయాసం ఎలా కుదర్చాలో మెకానిక్కు అప్పలకొండ మామకి తెలుసు.

“చూడు కోడలా,” అని నూనె డబ్బా మీద అంకెలు నాకు చూపించాడు ఒకసారి. “పదిహేను, నలభై. మొదటి అంకె చలికి, రెండోది వేడికి. మొదటిది ఎంత చిన్నదైతే చలిలో నూనె అంత జోరుగా పారతాది.”

“అయితే ఇంకా చిన్నది పొయ్యి మామా. సున్నా ఉందంట గదా.”

“ఉంది. కొత్త కార్లకి. నీ ముసలమ్మకి రింగులు అరిగిపోనాయి. మరీ పల్చటి నూనె పోస్తే మజ్జిగ తాగినట్టు తాగేసి నీలం పొగ వదుల్తాది. అలాగని చిక్కటిది పోస్తే చలికి బెల్లంపాకం అయిపోయి ఇంజను తిరగదు. ముసలోళ్ళకి గంజి ఎలగ పోత్తామో అలగ. మరీ చిక్కన కాదు, మరీ పల్చన కాదు.”

ఈ మాత్రం విషయానికి ఒక ప్రభుత్వ మండలి కావాలని మాకు తోచలేదు. తోచినవాళ్ళు పైన ఉన్నారు.

కార్తీకంలో ‘పాత వాహనాల చమురు ఆరోగ్య పథకం’ వచ్చింది. దాని నినాదం ‘ఒక మండలం, ఒకే నూనె’. పదిహేనేళ్ళు దాటిన ప్రతి బండికీ ఏ నూనె పొయ్యాలో చమురు నిర్ధారణ మండలి నిర్ధారిస్తుంది. పోసినాక, కింద నూనె వదిలే బోల్టుకీ పైన నూనె పోసే మూతకీ రాగితీగ చుట్టి సీసం బిళ్ళతో సీలు వేస్తుంది. సీలు తెంపితే బండి జప్తు.

ప్రారంభోత్సవం మా మండల కేంద్రంలోనే జరిగింది. అందరం వెళ్ళాం. నిర్ధారణాధికారి పురుషోత్తమరావు గారు జ్యోతి వెలిగించడానికి లేచారు. పథకానికి గౌరవంగా ప్రమిదలో మండలి నిర్ధారించిన నలభై నంబరు ఇంజనాయిలే పోశారు. ఒకటే నంబరు, ముందు చలి అంకె లేదు. తొమ్మిది అగ్గిపుల్లలు గీశారు, జ్యోతి వెలగలేదు. పదో పుల్లకి ఎవరో పక్కింటి నుంచి నువ్వులనూనె తెచ్చి పోశారు. అప్పుడు వెలిగింది. చప్పట్లు కొట్టాం.

“మన మండల ఉష్ణోగ్రతను సమగ్రంగా పరిశీలించిన మీదట, ఇచట శీతలము లేనట్టు నిర్ధారణ అయినందున, చిక్కని చమురే శ్రేయస్కరమని తెలియజేయడమైనది,” అన్నారు పురుషోత్తమరావు గారు, మెడకి మఫ్లరు బిగించుకుంటూ.

అందరికీ ఆదర్శంగా మొట్టమొదటి సీలు వాళ్ళ ఆఫీసు జీపుకే వేశారు. రెండో సీలు మా ముసలమ్మకి.

పుష్యం వచ్చింది. ఒక తెల్లవారుజామున పాప లేచి కూర్చుని నా జాకెట్టు పట్టుకుని ఊపిరి కోసం గింజుకోవడం మొదలుపెట్టింది. మా ఆయన తాళం తిప్పాడు. ముసలమ్మ ‘ఊ’ అంది. కాసేపాగి ఇంకో ‘ఊ’ అంది. పడుకున్న మనిషిని లేపితే అటు తిరిగి పడుకున్నట్టు.

“నూనె గడ్డకట్టీసింది,” అన్నాడు. “కుంపటి తే మంగా. కింద పెట్టి కాగబెడతాను.”

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే కుంపటి. అది పాప పక్కన ఉంది. పాపకి ఉంచితే కారు లేవదు, కారుకి పెడితే పాప వణుకుతుంది. పాపని నా చీరలో చుట్టుకుని, కుంపటి తీసుకెళ్ళి కారు కింద పెట్టాను. నలభై నిమిషాలకి ముసలమ్మ వేడెక్కింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప పెదాలు చూసి, “ఇంకోసారి ఇలా అయితే అర్ధగంట ముందు తీసుకురామ్మా, నీలంగా అయిపోతోంది చూడు,” అంది. ఆవిడ కోపంగా అన్నా బావుండేది. మెల్లగా అంది.

ఆ అర్ధగంట కోసమే మండలాఫీసుకి వెళ్ళాను.

ఆఫీసు పదిన్నరకి తెరుస్తారు. అధికారి గారి గదిలో బల్ల వెనక గోడకి థర్మామీటరు, దాని కింద ఎర్రగా కాలుతున్న హీటరు. థర్మామీటరు ఇరవై ఆరు చూపిస్తోంది. పక్కన సీనియర్ అసిస్టెంటు త్రినాథ్ గారు శాలువా కప్పుకుని ఫైళ్ళు రాస్తున్నారు.

“మా కారుకి పదిహేను–నలభై నూనె పోయించుకోనివ్వండి బాబూ,” అన్నాను. “చలికి లేవట్లేదు. పిల్లకి బాగోదు.”

“చూడమ్మా,” అన్నారు పురుషోత్తమరావు గారు. “మండల అధికారిక ఉష్ణోగ్రత ఇరవై ఆరు. ఇరవై ఆరులో నలభై నంబరు చమురు ధారాళంగా ప్రవహిస్తుంది. ప్రవహించకపోతే అది వాహనం యొక్క క్రమశిక్షణా లోపం.”

“ఆ మీటరు కింద హీటరుంది గదండీ.”

“హీటరు నాకమ్మా. థర్మామీటరుకి కాదు.”

“మరి చలి లేనప్పుడు హీటరు ఏలండి?”

త్రినాథ్ గారు తలెత్తారు. “శీతల ప్రాంతాల్లో పనిచేసే అధికారులకి హీటరు మంజూరు. జీవో ఉంది. అది వేరే ఫైలు.”

ఏ ఫైల్లో చలి ఉందో ఏ ఫైల్లో లేదో నాకు అప్పటికి కాస్త బోధపడింది. “మా ఊరిని ఆ ఫైల్లో కలపండి బాబూ,” అన్నాను.

పురుషోత్తమరావు గారు చెడ్డవారు కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. “దానికొక మార్గముంది. చలి ధ్రువీకరణ పత్రం తీసుకో. అది ఉంటే మీ వాహనం శీతల వాహనం అవుతుంది, మీకు నచ్చిన చమురు పోయించుకోవచ్చు.”

“ఎక్కడిస్తారండి?”

“ఇక్కడే. నేనే ఇస్తాను. ఆఫీసు వేళల్లో చలిని నా ఎదుట హాజరుపరచాలి.”

“చలి తెల్లారగట్ట ఉంటాదండి. ఎండొస్తే పోద్ది.”

“పదిన్నరకి ముందు జరిగేవి మా దృష్టికి రావమ్మా,” అన్నారు ఆయన, నిజంగానే బాధపడుతూ. “నేను కూడా పదిన్నరకి ముందు అధికారిని కాను. ఇంటి దగ్గర అడుగు, చెబుతారు.”

మర్నాడు తెల్లారగట్ట పాప నిద్రపోతుండగా చెంచాతో గడ్డి మీద మంచు గీకాను. అంగన్‌వాడీ టీచరు ఫ్లాస్కు అరువిచ్చింది. నిండా కూరి, మూత బిగించి, మొదటి సర్వీసు జీపెక్కి, ఆఫీసు మెట్ల మీద ఫ్లాస్కుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పదకొండుంబావుకి అధికారి గారు వచ్చారు. మూత తీశాం. సగం నీళ్ళు, సగం తెల్లటి పలుకులు. అందులో థర్మామీటరు పెడితే ఒకటి చూపించింది.

పురుషోత్తమరావు గారు చాలాసేపు చూశారు. “ఇది ఫ్లాస్కులో ఉన్న చలి. దీన్నిబట్టి ఫ్లాస్కుకి చలిగా ఉందని చెప్పగలం. ఊరికి చలిగా ఉందని ఎలా చెబుతాం?”

“ఊళ్ళోదే గదండీ పోశాను.”

“ఐస్‌ఫ్రూట్ బండి దగ్గర తెచ్చావేమో. నేనన్నట్టు కాదు, ఆడిట్ వాళ్ళంటారు.”

అయినా ఒట్టి చేతులతో పంపడానికి ఆయనకి మనసొప్పలేదు. త్రినాథ్ గారు కాగితం తయారుచేశారు, రెండు ముద్రలు వేశారు. ‘అర్జీదారు దాఖలుపరచిన నీలిరంగు ఫ్లాస్కునకు శీతలము ఉన్నట్టు ధ్రువీకరించడమైనది.’ ఆ ప్రకారం పొగమామిడిలో చట్టబద్ధంగా చలేసేది అంగన్‌వాడీ ఫ్లాస్కు ఒక్కదానికే. దానికి నచ్చిన నూనె అది పోయించుకోవచ్చు.

కాగితం చూసి మా ఆయన అరగంట నవ్వాడు. “ఇంకేటి మంగా, పాపని ఫ్లాస్కులో ఎట్టుకుని ఆసుపత్రికెళిపోదాం.”

నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి పాప వీపు మీద చెయ్యి వేసి పడుకున్నాను, ఊపిరి లెక్కపెట్టుకుంటూ.

అయితే నా అర్జీ వృథా పోలేదు. ‘క్షేత్రస్థాయి శీతల తనిఖీ’కి ఉత్తర్వు వచ్చింది. ఒక మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి అధికారి గారూ త్రినాథ్ గారూ సీలు జీపులో మా ఊరొచ్చారు. ఎండ చక్కగా కాస్తోంది. థర్మామీటరుని బడి ముందు గుంజకి కట్టారు. ఇరవై నాలుగు.

“కొద్దిగా తగ్గింది,” అన్నారు త్రినాథ్ గారు, న్యాయంగా.

“పొద్దున్నదాకా ఉండండి బాబూ,” అన్నాడు అప్పలకొండ మామ. “మీకే తెలుస్తాది.”

“తనిఖీ సమయం ఐదింటివరకే,” అన్నారు పురుషోత్తమరావు గారు.

మా ఊరివాళ్ళు వాదించలేదు, బొంగులో చికెన్ పెట్టారు. వెదురుబొంగులో కాలిన కోడి తిన్నవాళ్ళు వెంటనే లేవలేరు. ఇద్దరూ బడి వరండాలో నులకమంచాల మీద కాసేపని ఒరిగి ఐదున్నరకి లేచారు. అప్పటికి పొగమంచు దిగిపోయింది, కళ్ళ ముందు చెయ్యి కనిపించడం లేదు. ఆ రోడ్డు మీద బండి తియ్యడానికి జీపు డ్రైవరు ఒప్పుకోలేదు. రాత్రికి బడిలోనే పడుకున్నారు. ఊరంతా తలో దుప్పటీ ఇచ్చింది. తొమ్మిది దుప్పట్లు.

తెల్లవారుజామున నాలుగున్నరకి పాప లేచింది.

ఈసారి ఏడవలేదు. ఏడవడానికి ఊపిరి చాలడం లేదు. మెడ దగ్గర గుంట పడుతోంది. ఈల వేసినట్టు ఒక సన్నటి చప్పుడు. మా ఆయన తాళం తిప్పాడు. ముసలమ్మ ఒక్క ‘ఊ’ కూడా అనలేదు. నేను పాపని భుజాన వేసుకుని బడి దగ్గరికి పరుగెత్తాను.

“బాబూ, మీ జీపు తియ్యండి. పాపని దింపాలి.”

వాళ్ళప్పటికే లేచి ఉన్నారు. అసలు నిద్రపోయారని కూడా అనుకోను. జీపు డ్రైవరు తాళం తిప్పి తిప్పి చెయ్యి నోట్లో పెట్టుకుని ఊదుకుంటున్నాడు. ఆదర్శ వాహనం పలకడం లేదు. గుంజకి కట్టిన థర్మామీటరు దగ్గర పురుషోత్తమరావు గారు తొమ్మిది దుప్పట్లలో నాలుగు కప్పుకుని టార్చి వేసి చూస్తున్నారు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

“రెండు,” అన్నారు. “త్రినాథ్, రెండే. రాసుకోండి.”

“సార్, ఇంకా తెల్లారి ఐదు కూడా కాలేదు,” అన్నారు త్రినాథ్ గారు దుప్పట్లోంచి. “ఇప్పుడు రాస్తే చెల్లదు.”

అప్పలకొండ మామ వచ్చాడు. ఒక చేతిలో కటింగ్‌ ప్లేయరు, ఇంకో చేతిలో ఐదు లీటర్ల డబ్బా. “బాబూ, కుంపటి పెట్టే టైము లేదు. ముసలమ్మ సీలు తెంపుతాను. పాకం వదిలీసి ఇది ఎచ్చబెట్టి పోస్తాను. పావుగంట. మీరు ఊ అంటే చాలు.”

“నేనెలా ఊ అంటానయ్యా. అధికారి సమక్షంలో సీలు తెంపితే బండి జప్తు చెయ్యాలి. తొమ్మిదో నిబంధన.”

పాప నా మెడ మీద తల వాల్చేసింది. అప్పుడు నాకు భయం పోయిందో, లేక భయం ఎక్కువైపోయి నోరే తెరిచిందో తెలియదు. “బాబూ, ఇప్పుడు మీరు అధికారేనా?” అన్నాను.

ఆయన నన్ను చూశారు. పాపని చూశారు. టార్చి వెలుగులో చేతి గడియారం చూసుకున్నారు.

“త్రినాథ్,” అన్నారు. “నేనిప్పుడెవర్ని?”

త్రినాథ్ గారు ఆలోచించారు. నియమ నిబంధనల్లో ఆయనంత నిజాయితీపరుడు లేడు. “పదిన్నరదాకా ఎవరూ కారు సార్.”

“అయితే తొందరగా కానియ్యవయ్యా,” అన్నారు పురుషోత్తమరావు గారు.

అందరం మా ఇంటికి పరుగెత్తాం. మామ ముసలమ్మ కింద దూరాడు. తీగ టిక్కున తెగింది. నలభై నంబరు నూనె బోల్టు సందులోంచి నల్లటి జడలా సాగుతూ, ఎంతకీ తెగకుండా దిగింది. మా అత్త పొయ్యి మీద డబ్బా వెచ్చబెట్టింది. గోరువెచ్చని పదిహేను–నలభై గటగటా లోపలికి పోయింది. మా ఆయన తాళం తిప్పాడు. ముసలమ్మ ఒకసారి దగ్గింది, రెండోసారి లేచి కూర్చుంది.

“నన్ను కూడా దింపెయ్యమ్మా,” అంటూ పురుషోత్తమరావు గారు ముందు సీట్లో ఎక్కారు. త్రినాథ్ గారిని ఆదర్శ వాహనానికి కాపలా ఉంచారు.

మా కారుకి ఎడమవైపు అద్దం నిలవదు, జారిపోతుంది. మొదటి మలుపులోనే జారింది, గాలి కొట్టింది. పాప ఈల ఇంకాస్త సన్నబడింది. ఆయన వెనక్కి తిరిగి చూసి, దుప్పట్లోంచి రెండు చేతులూ తీసి, అద్దం పైకి లాగి అరచేతులతో అదిమి పట్టుకున్నారు. ఇరవై ఎనిమిది కిలోమీటర్లూ అలాగే పట్టుకున్నారు.

“ఎప్పుడూ ఇలాగే ఉంటుందా పాపకి?” అన్నారు ఘాటు సగం దిగాక.

“చలికేనండి.”

చలి లేదని ఆయన అనలేదు.

డాక్టరమ్మ మాస్కు పెట్టింది. గంటసేపు పెట్టింది. నేను పాప డొక్కల మీద కళ్ళు పెట్టి కూర్చున్నాను. ఎగిరెగిరి పడుతున్నవి మెల్లగా సర్దుకున్నాయి. పెదాలకి రంగొచ్చింది. “ఈసారి టైముకి తెచ్చారు,” అంది డాక్టరమ్మ. పది దాటేదాకా కనిపెట్టి చూసి అప్పుడు వదిలింది. పాపని ఎత్తుకుని బయటికొచ్చాను.

ఆవరణలో మా కారు కింద నుంచి రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. పాలిష్ చేసిన నల్లబూట్లు.

“ఇంకా ఎంతసేపండి?” అని మా ఆయన వంగి అడుగుతున్నాడు.

“పదీ ఇరవై ఆరు అయింది. ఆ తీగ ఇలా ఇవ్వవయ్యా, తొందరగా. తెగిన చోటు వెనక్కి తిప్పాలి.”

పురుషోత్తమరావు గారు కింది బోల్టుకి తీగ మెలేసి, బయటికి పాకి, బానెట్టెత్తి పైమూతకి కూడా మెలేశారు. చొక్కా నిండా నల్లటి మరకలు. గుడ్డతో చేతులు తుడుచుకున్నారు, జుట్టు సర్దుకున్నారు, గడియారం చూసుకుని అలాగే నిలబడ్డారు. పదిన్నర అయింది. ఆయన మెడ నిటారుగా అయింది. జేబులోంచి తనిఖీ పుస్తకం తీసి కారు చుట్టూ ఒకసారి తిరిగారు.

“సీలు భద్రం,” అని చదువుతూ రాశారు. “చమురు, మండలి నిర్ధారించిన నలభై నంబరు. వాహనము తెల్లవారుజామున నిరాటంకముగా బయలుదేరినట్టు విచారణలో తేలినది. కనుక పొగమామిడి గ్రామమునందు శీతలము లేదు.” పుస్తకం నావైపు తిప్పారు. “సాక్షి సంతకం చెయ్యమ్మా.”

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కారు వైపు చూశాడు. సంతకం పెట్టకపోతే మూత తీసి చూడాలి, చూస్తే జప్తు. పెడితే వెచ్చటి నూనె ముసలమ్మ కడుపులోనే ఉంటుంది, రేపు తెల్లారగట్ట కూడా. పాపని ఎడం భుజానికి మార్చుకుని పెట్టాను. చెవి పక్కనే పాప ఊపిరి. ఈల లేదు.

ఆ నివేదిక పైకి వెళ్ళింది. ఇరవై ఆరేళ్ళ కారు, మన్యంలో, పుష్యమాసంలో, నలభై నంబరుతో స్టార్టయిందంటే పైవాళ్ళు పొంగిపోరా. సంక్రాంతి వెళ్ళగానే పథకాన్ని పై కొండల్లో ఇంకో మూడు మండలాలకి విస్తరించారు. అక్కడ మాకంటే ఎక్కువ చలి. అంటే, మాకంటే ఎక్కువ లేదు.

ఇప్పుడు ఆ ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు నాకు ఫోన్లు చేస్తున్నారు. నా పేరు నివేదికలో చూశారట. నిన్న ఒకామె చేసింది, వెనక చంటిబిడ్డ దగ్గు వినిపిస్తోంది.

“అక్కా, మీ బండి నలభై నెంబరుతోనే లేచీసిందంట గదా. మాది లెగట్లేదు. ఏటి సేసినారో సెప్పక్కా.”

గోడ గడియారం చూశాను. పదకొండు.

“రేపు పదిన్నరలోపు ఫోన్ చెయ్యమ్మా,” అన్నాను. “చెప్తాను.”